పలచబడ్డ నీడ

మే 12

స్టూడియోలో దీపాలు జరపడానికి మనిషి కావాలంది అమ్మాయి. ఎప్పుడూ వచ్చే పొడుగాయన ఏమయ్యాడని అడిగాను.

"ఆయన ముందు నేను బట్టలు తీసి కూచోలేనమ్మా."

"మరి నా ముందు?"

"నీకు కొత్తేముంది? మొట్టమొదట చూసింది నువ్వే కదా."

సరే, వస్తానన్నాను. నేను ఒక్క మాటలో ఒప్పుకోవడం ఈ ఇంట్లో వార్తే.

కింది గదిలో ఇన్నేళ్లూ పాస్‌పోర్టు ఫోటోలు తీసి సంసారం నడిపింది. మనసుపడి తీసింది మాత్రం మనుషుల ఒళ్లు. మూటలు మోసేవాడి మెడ, నెలలు నిండిన పొట్ట, కుట్టుపని చేసే ఆవిడ వంగిపోయిన వేళ్లు. గోడల నిండా అవే. మొహాలు ఎక్కడా ఉండవు. ఆ వరసలో చివరి బొమ్మ తనదే కావాలంటోంది. చివరిదంటే వరసలో చివరిదని. అంతే.

అల్లుడు వేరే సంసారం పెట్టుకున్నాడు గనక ఈ పుస్తకంలో అతని ఊసు ఉండదు. ఈ వాక్యంతో సరి.

మే 15

ముప్పై ఏళ్లకు పైగా ఆడపిల్లల కాలేజీలో కాంతి గురించి పాఠం చెప్పాను. దూరం సగమైతే వెలుతురు నాలుగింతలని బోర్డు మీద రాసి, దాని కింద గీత కూడా గీసేదాన్ని. ఈరోజు మొదటిసారి చక్రాల స్టాండు పట్టుకుని వెలుతురును తోశాను. ఒక చక్రం మొరాయించింది. పాఠంలో చక్రం లేదు.

పెద్ద దీపం, దానికి గుడ్డ తొడిగిన పెట్టె. అది అమ్మాయికి ఎడమ పక్కన, కాస్త వెనక్కి ఉండాలి. స్టాండు కాళ్లు ఎక్కడుండాలో నేల మీద టేపు ముక్కలు అంటించింది. రెండో పక్క ఏమీ ఉండకూడదు, నల్లటి అట్ట తప్ప. నా పని దీపం జరపడం, వెలుతురు కొలిచే మీటరు అమ్మాయి భుజం దగ్గర పెట్టి అంకె చదవడం, నోరు మూసుకోవడం. మూడోది కొత్త.

"ఎదురుగా పెడితే పోదా? మొహం నిండా వెలుతురు పడుతుంది" అన్నాను.

"ఎదురు వెలుతురు మర్యాదస్తురాలమ్మా, అడిగిందే చెబుతుంది. పక్క వెలుతురు నీలాంటిది. అడక్కపోయినా అన్నీ బయటపెడుతుంది."

దుప్పటి తీసి స్టూలు మీద కూచుంది. నేను మీటరు అంకె చూశాను. మళ్లీ చూశాను. అంకెనే చూశాను.

కెమెరా మీట దాని అరచేతిలోనే ఉంది. నొక్కగానే దీపం టప్పుమంటుంది, బొమ్మ కంప్యూటరు తెర మీదకి వస్తుంది. నాలుగో బొమ్మ దగ్గర ఆగి అంది, "నీడ పలచబడింది. ఏం జరిపావు?"

"నేనేం ముట్టుకోలేదు."

గదంతా కళ్లతో వెతికి నా మీద ఆగింది. "నీ శాలువా."

"నా శాలువా నిన్నేం చేసింది?"

"తెల్లగా ఉంది కదా, వెలుతురంతా నా మీదకి తిప్పికొడుతోంది. నువ్వు నీడ పక్కన నిలబడితే సున్నం కొట్టిన గోడ నిలబడినట్టే. నల్లది కప్పుకో."

నిజమే. పరావర్తనం. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న. నేనే దిద్దేదాన్ని, నాకే తట్టలేదు.

ఆ నాలుగో బొమ్మలో పక్కటెముకల మధ్య గుంటలు కనబడలేదు. మెడ కింద గుంట కూడా పూడింది. పోయిన ఏడాది అమ్మాయిలా ఉంది. ఆ ఒక్కటి చెరపొద్దన్నాను. సరేనంది.

మే 16

బాగానే తింది. నిన్నటికన్నా రెండు ముద్దలు ఎక్కువ. తరవాత వాంతయింది. అయినా ముద్దలు ఎక్కువే కదా.

మే 21

స్టూడియోలో ఏసీ. ఆ దీపాల వేడికి యంత్రాలు పాడవుతాయట. యంత్రాల సంగతి యంత్రాలది, నా ఎముకల సంగతి నాది. నల్ల శాలువా ఉతికేశాను, ఆరలేదు. తెల్లదే కప్పుకున్నాను. చలికి శాలువా కప్పుకోవడం నేరం కాదు.

పక్కనే నిలబడ్డాను, ఫ్రేములో పడనంత దూరంలో. తూలితే పట్టుకోవాలి కదా.

ఈరోజు బొమ్మలు ఎంత బాగా వచ్చాయో. ఒళ్లు కాస్త పట్టినట్టే ఉంది. మందు పనిచేస్తున్నట్టుంది. ఇక ఎక్కించేది లేదని డాక్టరు అన్నాడు గానీ, ఎక్కించినంత మటుకు ఒంట్లో ఉంటుంది కదా, ఊరికే పోదు.

అమ్మాయి పడుకున్నాక మొహం కూడా పడ్డ బొమ్మ ఒకటి, మెడ దాకా, ఫోన్లోకి తీసి మనవరాలికి పంపాను. కంప్యూటరులోంచి ఫోన్లోకి తియ్యడం నాకు రాదని తల్లీకూతుళ్లిద్దరూ అనుకుంటారు. అనుకోనీ.

మే 22

మనవరాలు ఫోను చేసింది. హాస్టల్లో గోల, అరిచి మాట్లాడాలి.

"అమ్మమ్మా, ఫోటో చూశా. అమ్మ భలే ఉంది. నేనేమో ఏదేదో ఊహించుకుని ఏడుస్తున్నా ఇక్కడ."

"ఏడ్చే తీరిక ఉంటే చదువుకో."

"ఈ వారం వచ్చేద్దామనుకున్నా. రానా, పరీక్షలయ్యాక రానా?"

"పరీక్షలయ్యాకే రా. ఇక్కడ నువ్వొచ్చి చేసేదేముంది? మీ అమ్మ నిన్న నాతో పోట్లాడింది కూడా."

"పోట్లాడిందా? అయితే బాగున్నట్టే."

జూన్ నెలాఖరుకి పరీక్షలయిపోతాయి. ఎంతలో వస్తుంది.

మే 27

పడుకునే ఉంది. స్టూడియోకి దిగలేదు. వాన వల్లే. వాన పడితే ఎవరికైనా బద్ధకంగానే ఉంటుంది.

మే 30

దిగింది. మెట్ల మీద రెండుచోట్ల కూచుంది. "ఈ మెట్లు ఎవరు పెంచారమ్మా?" అంది. నవ్వాను. నవ్వాలి గనక.

మీటరు అంకె చదివాను.

"ఎక్కువొస్తోంది" అంది.

"మీటరు పాతబడింది."

"మీటరా?" అని నా వైపు చూసింది. "ఇవాళ కూడా చలా?"

"ఉండదూ మరి? నువ్వంటే వయసులో ఉన్నావు."

తెర వైపు తిరిగింది. మీట నొక్కింది. టప్. టప్. నేను అరడుగు దగ్గరికి జరిగాను. తూలితే పట్టుకోవాలి.

జూన్ 2

బాగానే తింది.

జూన్ 3

బాగానే తింది. పళ్లెం నేనే తీశాను.

జూన్ 6

రాసెయ్యాలి. రాయకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

పొద్దున్నే కిందికి రమ్మంది. దీపాలు వెయ్యలేదు. కంప్యూటరు ముందు కూచుని రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టింది. రెండిట్లోనూ అదే స్టూలు, అదే భుజం, అదే మనిషి. ఒకటి నేను నల్ల శాలువాలో ఉన్నప్పటిది, రెండోది తెల్ల శాలువాలో ఉన్నప్పటిది.

"ఏది నేనమ్మా?" అంది.

"రెండూ నువ్వే."

"ఫిజిక్సు టీచరువి. సరిగ్గా చెప్పు."

"నాకు చలేస్తోందంటే…"

"మొదటి రోజు చలేసింది. ఆ తరవాతంతా చలి కాదు. నాకు తెలుసు."

"తెలిస్తే అప్పుడే అనొచ్చు కదా."

"నీకే అలవాటవుతుందిలే అనుకున్నా. రోజూ చూస్తూంటే ఒకరోజు నువ్వే శాలువా తీసేస్తావనుకున్నా. నువ్వేమో రోజురోజుకీ దగ్గరికి వస్తున్నావు. ఇంకో వారముంటే ఫ్రేములోకే వచ్చేసేదానివి."

నవ్వుతూనే అంది. నాకది ఇంకా కష్టమయింది.

"కళ్లెదురుగా ఎముకలు లెక్కపెట్టమంటావా నన్ను?" అన్నాను. గొంతు లేచింది. "కన్నదాన్ని. పాలు చాలక నువ్వు పీలగా ఉంటే అత్తగారు అన్న మాటలు పడ్డదాన్ని. నీ ఒంటికి చారెడు కండ పట్టించడానికి నేను పడ్డ అవస్థ నీకేం తెలుసు? ఇప్పుడు అదంతా పోయిందని ఫోటో తీసి గోడకి కొడతానంటావు. నేను దీపం పట్టుకోవాలి."

కుర్చీలో వెనక్కి ఆనింది. ఊపిరి తీసుకోవడానికేమో అనుకున్నాను.

"ఎవరో ఒకరు నన్ను చూడాలి కదమ్మా" అంది తరవాత. "డాక్టరు కాగితం చూస్తాడు. నువ్వు పళ్లెం చూస్తావు. ఎంత తిన్నానో చూస్తావు, నన్ను చూడవు. ఇంతమంది ఒళ్లు చూశాను నేను. ఎవరి ఒంటినీ అబద్ధం ఆడనివ్వలేదు. నా వంతు వచ్చేసరికి మా అమ్మే శాలువా పట్టుకుని నిలబడింది."

నేను తెర వైపే చూస్తున్నాను.

"నిన్న చిన్నదానితో మాట్లాడా. 'ఫోటోలో భలే ఉన్నావమ్మా, పరీక్షలయ్యాక తీరిగ్గా వస్తా' అంది. ఏ ఫోటో అని నేనడగలేదు. తీరిగ్గా వస్తుందటమ్మా."

ఇంత గట్టిగా మాట్లాడినందుకు సాయంత్రం దాకా దానికి ఆయాసం. బోర్లా పడుకోలేదు, వెల్లకిలా పడుకోలేదు. దిండ్లకి ఆనించి కూచోబెట్టాను.

జూన్ 7

వాన.

జూన్ 8

పొద్దున మనవరాలికి ఫోను చేశాను.

"ఇవాళే బయల్దేరు."

"ఇంకా మూడు పేపర్లున్నాయి అమ్మమ్మా. అయినా అమ్మ ఫోటోలో…"

"ఆ ఫోటోలో ఉన్నది నా శాలువా."

"అంటే?"

"వెలుతురు మార్చాను. అమ్మ అలా లేదు. మార్చింది నేను. రా."

అవతల గోల సన్నబడింది, పక్కకి నడిచినట్టుంది. "అమ్మమ్మా, నువ్వా?" అంది. అదొక్కటే. అరవడం నా వంతనీ, వినడం దాని వంతనీ ఎప్పుడూ నమ్మకం నాకు. అది అరిస్తే బాగుండును.

జూన్ 11

వచ్చింది. సంచీ దించకుండానే తల్లి గదిలోకి వెళ్లింది. లోపల్నించి అమ్మాయి గొంతు వినిపించింది, "ఏంటే, చిక్కిపోయావు?" అంటోంది. ఎవరు ఎవర్ని.

కాసేపయ్యాక మనవరాలు వంటగదిలోకి వచ్చింది.

"ఫోటోలో ఇలా లేదు" అంది.

నా మొహం చూడలేదు. నేను గిన్నె కడుగుతున్నాను. కడిగిన గిన్నే మళ్లీ కడిగాను.

జూన్ 12

తినలేదు. మంచినీళ్లు తాగింది.

జూన్ 14

ఒక్క బొమ్మ తీస్తానంది. ఇద్దరం కావాలట. దాని వీపు, నా వీపు, పక్కపక్కన.

"నా వీపు ఎందుకు?" అన్నాను. "డెబ్బై ఎనిమిదేళ్ల వీపు. దీన్ని ఇంతవరకు చూసింది ఇద్దరు. మీ నాన్న, ఎముకల డాక్టరు. ఇద్దరూ నిట్టూర్చారు."

"నేనూ చూస్తా. నిట్టూర్చనులే."

"చిన్నపిల్ల ఉంది ఇంట్లో."

"ఆ చిన్నపిల్లే దీపం పట్టుకుంటుంది."

ఇంకా ఏవేవో అన్నాను. నడుం నొప్పన్నాను, ఏసీ అన్నాను. అమ్మాయి ఎదురుచూసింది. దాని ఓపిక ఎంతుందో నాకు తెలుసు. అదంతా నా కోసం ఖర్చవుతోంది. లేచి వెళ్లాను.

మనవరాలు, నేను చెరో చెయ్యి పట్టుకుని దింపాం. నేను చేతులు అడ్డం పెట్టుకోకుండా జాకెట్టు విప్పడానికి కొంత సేపు పట్టింది. చదువుకున్నదాన్నే, లోకం చూసినదాన్నే. అయినా గోడవైపు తిరిగాను. ఎలాగూ వీపే కావాలన్నారు కదా, గోడవైపు తిరిగితే తప్పేముంది.

రెండు స్టూళ్లు. దాని భుజం నా భుజానికి ఆనింది. ఎముక. వెచ్చగా ఉంది. ఇన్నాళ్లూ మీటరే పెట్టాను అక్కడ, చెయ్యి పెట్టలేదు.

మనవరాలు దీపం తోస్తోంది. అమ్మాయి గొంతు సన్నగా చెబుతోంది. "ఇంకా వెనక్కి. కింద టేపు చూసుకో. దీపం మొహం మా మీదకి తిన్నగా వద్దు, కాస్త దాటి పోనీ. అంచు వెలుతురు చాలు."

ఉన్నట్టుండి మనవరాలు, "ఒక్క నిమిషం" అని పైకి పరిగెత్తింది. తిరిగి వచ్చేసరికి దాని తెల్ల చొక్కా లేదు, నల్లది వేసుకుంది. దానికి ఎవరూ చెప్పలేదు. ఫోన్లో నేనన్న ఒక్క మాట పట్టుకుని అర్థం చేసుకున్నట్టుంది. లేక తల్లి నేర్పిందేమో ఎప్పుడో.

"అమ్మా, ఊపిరి బిగబట్టకు. వీపు మొహమాటపడుతోంది" అంది అమ్మాయి.

"దానికి కొత్త."

నవ్వింది. ఆ నవ్వు నా భుజానికి తగిలింది. అప్పుడు మీట నొక్కింది.

బొమ్మ తెర మీదకి వచ్చింది. అమ్మాయి చూసింది, మనవరాలు చూసింది. "ఇదే" అంది అమ్మాయి.

కళ్లజోడు పైన మర్చిపోయాను, నాకు కనబడటం లేదు అన్నాను. కళ్లజోడు జాకెట్టు పక్కనే ఉంది. ఇద్దరూ చూశారు.

జూన్ 16

తినలేదు. పళ్లెం తీసుకెళ్లడం మానేశాను. పక్కన కూచుని దాన్ని చూశాను. చెవి వెనక పుట్టుమచ్చ ఉంది. నాకు తెలియని పుట్టుమచ్చ. కన్నదాన్నట.

జూన్ 17

తినలేదు. చూశాను.

జూన్ 18

చూశాను.

జూన్ 20

ఉదయం.

జూన్ 29

వచ్చినవాళ్లంతా "నిద్రపోతున్నట్టే ఉంది" అన్నారు. నిద్రపోయేటప్పుడు అదెలా ఉంటుందో వీళ్లకేం తెలుసు. నోరు తెరిచి గురకపెట్టేది. దుప్పటి కాళ్లతో తన్నేసేది. నిద్రపోతున్నట్టు లేదు. పోయినట్టే ఉంది.

ఎవరితోనూ అనలేదు. పాపం, మంచికే అంటారు.

జులై 3

మనవరాలు స్టూడియో ఊడుస్తోంది. నేల మీది టేపు ముక్కలు పీకబోయి ఆగింది. తియ్యనా అని నన్నడిగింది. నీ ఇష్టం అన్నాను. తియ్యలేదు. తుడిచే గుడ్డ వాటి చుట్టూ తిప్పింది.

రాయలేని పరీక్షలు మళ్లీ ఎప్పుడు పెడతారో కనుక్కోమన్నాను. "కనుక్కున్నా" అంది. కాస్త ఆగి, "కాఫీ తాగుతావా అమ్మమ్మా?" అంది. వచ్చాక నాకేం కావాలని అది అడగడం ఇదే మొదలు. తాగాను. నీళ్లలా ఉంది. చెప్పలేదు.

జులై 19

పెద్ద ప్రింట్లు వేసే అతను వచ్చాడు. పోయేముందే అమ్మాయి అతనికి బొమ్మ పంపి, సైజు చెప్పి పెట్టిందట. చెక్క చట్రం కూడా తనే కట్టించి, ఆటోలో అడ్డంగా పెట్టుకుని తెచ్చాడు. మనిషి మంచివాడు, మాట ఎక్కువ. ఇన్నేళ్లూ అమ్మాయి బొమ్మలన్నీ అతనే వేశాడు.

స్టూడియో బల్ల మీద పెట్టి, చుట్టిన కాగితం తీశాడు. మనవరాలు గుమ్మంలోనే ఉండిపోయింది. నేను కళ్లజోడు పెట్టుకున్నాను.

"మేడం తీసినవాటిల్లో ఇంత బాగా వచ్చింది నేను చూడలేదండి" అన్నాడు. నా వీపు మీద వేలు ఆనీ ఆనకుండా చూపించాడు. "ఇటుపక్క మేడం. అటు మీరు. కూచున్న తీరులోనే తెలిసిపోతోంది, తల్లీ కూతురూ అని."

గుమ్మంలో మనవరాలు ఏదో అనబోయింది. నేను చెయ్యెత్తాను.

చూశాను. కుడిపక్కన మడతలు పడినా నిండుగా, ఇంకా పని చెయ్యగల వీపు. ఎడమపక్కన చర్మం కింద వెన్నుపూసలు ఒక్కొక్కటీ తేలి, భుజాల ఎముకలు బయటికి పొడుచుకొచ్చి, ఎంతో కాలం బతికి అలిసిపోయినట్టున్న వీపు. వెలుతురు ఆ ఎముకల అంచులు పట్టుకుని కిందికి దిగి నడుం దగ్గర ఆగింది. గుంటల్లో నీడ చిక్కగా ఉంది. ఎక్కడా పలచబడలేదు.

"కాదు నాయనా" అన్నాను. "ఇది నేను. అది అమ్మాయి."

అతను బొమ్మ చూశాడు. నన్ను చూశాడు. మళ్లీ బొమ్మ చూశాడు. చేతిలో ఉన్న కాగితం మడత పెట్టడం మొదలుపెట్టాడు. అవసరం లేని కాగితం.

"వెలుతురు అలా పడిందండి. పక్కనుంచి కదా" అన్నాడు. "మీరు ఊఁ అంటే తీసుకెళ్లి ఈ నీడలు కొంచెం తేలిక చేసి మళ్లీ వేసి తెస్తా. పెద్ద పనేం కాదు. తేడా కూడా ఎవరికీ తెలీదు."

"నాకు తెలుసు" అన్నాను. "వెలుతురు సరిగ్గానే పడింది. మీరు సరిగ్గానే చూశారు."

మనవరాలు లోపలికి వచ్చింది. నా పక్కన నిలబడింది. ముగ్గురం కలిసి చాలాసేపు చూశాం.

వరసలో చివర గోడ ఖాళీగా ఉంది. అతను మేకు, సుత్తి తెచ్చుకున్నాడు. ఎంత ఎత్తులో కొట్టమంటారని అడిగాడు. మిగతావి ఒకింత పైకి ఉన్నాయి, అమ్మాయి పొడగరి.

నేను గోడ దగ్గరికి వెళ్లి నిలబడి, నా కళ్లకి తిన్నగా వేలు పెట్టి చూపించాను.